జిగురులో కణాలను వెతికిన ఓర్టెగా

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఇంక్యుబేటర్‌లో ఉండగానే కంటి డాక్టరు వచ్చి రెటీనా చూస్తారు. అక్కడ రక్తనాళాలు సరిగా పెరుగుతున్నాయా లేదా అన్నదే వారి ఆందోళన. ఆ పెరుగుదలకు దారి చూపేవి ఆస్ట్రోసైట్లనే సహాయక కణాలు. రెటీనా కూడా మెదడులో భాగమే. మెదడులోని సహాయక కణాలన్నింటినీ ఒకప్పుడు గ్లియా అనే ఒకే పేరుతో పిలిచేవారు. గ్రీకులో ఆ మాటకు జిగురు అని అర్థం. ఆ జిగురును విడదీసి చూసినవాళ్లలో ముఖ్యుడు పియో డెల్ రియో ఓర్టెగా.

ఆయన 1882లో స్పెయిన్‌లోని పోర్టిల్లో అనే ఊళ్లో పుట్టాడు. వైద్యం చదివి కొంతకాలం సొంతూళ్లోనే ప్రాక్టీసు చేశాడు. మనసు మైక్రోస్కోపు మీదే ఉండటంతో మాడ్రిడ్ చేరి, నికొలాస్ అచూకరో దగ్గర పని నేర్చుకున్నాడు. 1918లో అచూకరో చిన్న వయసులోనే చనిపోవడంతో ప్రయోగశాల బాధ్యత ఓర్టెగా మీద పడింది.

అప్పటికి స్పెయిన్‌లో ఈ రంగానికి పెద్దదిక్కు నోబెల్ గ్రహీత సాంటియాగో రామోన్ ఈ కహాల్. బంగారు లవణంతో రంగు పట్టించి ఆస్ట్రోసైట్లను స్పష్టంగా చూపించింది ఆయనే. వాటి కొసలు పాదాల్లా రక్తనాళాలను అంటిపెట్టుకుని ఉంటాయి. నాడీకణాలు, ఆస్ట్రోసైట్లు పోగా మిగిలినవాటిని కహాల్ 1913లో మూడో మూలకం అన్నాడు.

ఓర్టెగా వెండి కార్బొనేట్‌తో కొత్త రంగు పద్ధతి కనిపెట్టాడు. దానితో చూస్తే ఆ మూడోది ఒకటి కాదు, రెండని తేలింది. ఒకటి, మెదడులో చెత్త ఎత్తి, గాయాలకు స్పందించే మైక్రోగ్లియా. దీన్ని 1919లో ప్రకటించాడు. రెండోది, నాడీ తంతువులకు తొడుగు వేసే ఒలిగోడెండ్రోగ్లియా. దీనికి 1921లో పేరు పెట్టాడు.

ఈలోగా గురుశిష్యుల మధ్య పొరపొచ్చాలు ముదిరాయి. 1920లో కహాల్ ఆయన్ను ప్రయోగశాల నుంచి పంపేశాడు. ఓర్టెగా వేరే చోట పని కొనసాగించాడు. 1924లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే యువ సర్జన్ ఆ పద్ధతి నేర్చుకోవడానికి మాడ్రిడ్ వచ్చాడు. ఒలిగోడెండ్రోగ్లియా నిజమేనని ఆయన పరిశోధన కూడా తేల్చింది.

1936లో అంతర్యుద్ధం మొదలైంది. ఓర్టెగా పారిస్‌కు, అక్కణ్నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు, చివరికి అర్జెంటీనాకు వెళ్లాడు. 1945లో బ్యూనస్ ఎయిరిస్‌లో కన్నుమూశాడు. ఆయన అస్థికలు సొంత గడ్డ మీదున్న వల్లడోలిడ్‌కు చేరింది 1986లో.

ఓర్టెగా కణాల రూపం చూడగలిగాడు కానీ, అవి విడుదల చేసే ప్రోటీన్లను చూసే సాధనాలు ఆ రోజుల్లో లేవు. ఎదుగుతున్న రెటీనాలో ఆస్ట్రోసైట్లు ముందు పరుచుకుంటాయని, ఆక్సిజన్ కొరతను పసిగట్టి వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను వదులుతాయని ఇప్పుడు మనకు తెలుసు. రక్తనాళాలు ఆ ప్రోటీన్ జాడ పట్టుకుని పెరుగుతాయి. నెలలు నిండని బిడ్డకు ఆక్సిజన్ మోతాదు మించితే ఆ ప్రోటీన్ తగ్గి, నాళాల పెరుగుదల ఆగిపోతుంది. తర్వాత రక్తం అందని రెటీనా ఆ ప్రోటీన్‌ను అతిగా తయారుచేస్తుంది. దాంతో నాళాలు అడ్డదిడ్డంగా పెరిగి, చూపే పోవచ్చు. అందుకే ఆ ప్రోటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు, లేజర్ చికిత్స వచ్చాయి.

ఏ కణం ఏ ప్రోటీన్‌ను వదులుతోందో తేల్చాలంటే, ముందు ఏ కణం ఏదో తెలియాలి. వెండి రంగుతో ఓర్టెగా వేసిన పునాది అదే.