యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ వ్యాధికి బలయ్యారు. అమెరికా చేరి, హార్వర్డులో పరిశోధించి, 1940లో లెడర్లే సంస్థలో చేరారు. స్ప్రూను నయంచేయగల ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం కృత్రిమంగా తయారుచేసింది.

కొత్త కణానికి జన్యుపదార్థమైన డీఎన్‌ఏ కావాలి. దాని నిర్మాణానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. ఆ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డగించే అమినోప్టెరిన్‌ను కూడా ఆ బృందమే సృష్టించింది. సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్తక్యాన్సర్‌తో బాధపడుతున్న 16 మంది పిల్లలకు దానిని ఇవ్వగా, 10 మందికి వ్యాధి కొంతకాలం తగ్గింది. ఆ ఫలితాలు వెలువడిన 1948లోనే, 53 ఏళ్లకే, సుబ్బారావు కన్నుమూశారు. ఆ కోవలోని మెథోట్రెక్సేట్ నేటికీ రోగులకు ప్రాణాధారమై నిలిచింది.