సంగ్రహణికి మందు వెదకిన సుబ్బారావుగారు

తూర్పు కనుమలలో అరకులోయ చుట్టునుగల కొండపల్లెలకు ఆరోగ్య కార్యకర్తలు కొనిపోవు మందులలో గర్భవతులకిచ్చు ఎఱ్ఱని మాత్ర యొకటి. అందు ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లము గలదు. ఆ మన్యపు గిరిజనులలో వంశపారంపర్యముగా వచ్చు కొడవలి కణముల రక్తహీనతతో బాధపడువారికిని, క్రొత్త రక్తకణములు ఏర్పడుటకై ఫోలిక్ ఆమ్లమునే ఇత్తురు. దీనిని మొదట కృత్రిమముగా తయారుచేసిన శాస్త్రజ్ఞ బృందమునకు నాయకుడు గోదావరి సీమలో పుట్టిన తెలుగువాడు. ఆయనను ఈ అన్వేషణకు పురికొల్పినవి తన యింట జరిగిన రెండు మరణములు.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. ఇంట లేమి. పదుమూడవ యేట, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి బయలుదేరగా తల్లి వెనుకకు రప్పించెను. మెట్రిక్యులేషన్ పరీక్ష మూడవ పర్యాయమున గాని గట్టెక్కలేదు. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి సాయముతో మద్రాసు వైద్య కళాశాలలో చదివిరి. గాంధీజీ పిలుపునందుకొని శస్త్రచికిత్సాశాలలో ఖద్దరు ధరించి, ఆంగ్లేయుడైన ఆచార్యుని ఆగ్రహమునకు పాత్రులైరి. ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మాఱుగా తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసివచ్చెను.

ఆయన సోదరులిరువురు ఎనిమిది దినముల వ్యవధిలో సంగ్రహణివాత బడి మరణించిరి. పాశ్చాత్య వైద్యులు స్ప్రూ అను వ్యాధి ఇదియే. చిన్నప్రేగు లోపలి పొర క్షీణించి, తిన్న అన్నము వంటబట్టదు. విరేచనములు ఎడతెగవు. నాలుక పూసి మంట పుట్టును. రక్తము పలుచనై రోగి నానాటికి కృశించును. ఆనాటి వైద్యమునకు దీని మూలము తెలియదు. సుబ్బారావుగారికిని ఆ వ్యాధి సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన కోలుకొనిరి. కొంతకాలము మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించిరి. కాని కారణమెఱుగని గుణము ఆయన జిజ్ఞాసను తీర్పలేదు. మామగారును, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థయు తోడ్పడగా, భార్య శేషగిరిగారిని విడిచి అమెరికా చేరిరి. మరల స్వదేశమునకు రాలేదు.

బోస్టనులో, హార్వర్డు విద్యాలయమున చదువుచు, పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు కడిగిరి. 1925లో ఫిస్కేగారితో కలిసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియేటిన్‌ను 1927లోను, ఏ.టి.పి.ని 1929లోను వెలికిదీసిరి. అయినను ఆ విద్యాలయమున స్థిరమైన పదవి లభింపలేదు. 1940లో న్యూయార్కు సమీపమునగల లెడర్లీ ఔషధ సంస్థలో చేరి, పాత శత్రువును మరల ఎదుర్కొనిరి.

1931లో లూసీ విల్స్ అను వైద్యురాలు, బొంబాయిలోని గర్భవతుల రక్తహీనత ఈస్టు సారముతో తగ్గుట కనుగొనెను. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూర నుండి ఒక ఆమ్లమును వేఱుచేసి, ఆకునకు లాటిన్ పేరగు ఫోలియమ్‌ను బట్టి ఫోలిక్ ఆమ్లమనిరి. దానిని మణుగులకొలది ఆకునుండియో కాలేయమునుండియో పిండవలసినంతకాలము రోగికి అందదు. 1945లో సుబ్బారావుగారి బృందము దానిని ప్రయోగశాలలో నిర్మించెను. వెంటనే టామ్ స్పైస్ మొదలగు వైద్యులు సంగ్రహణి రోగులపై ప్రయోగించిరి. కొలది దినములలో నాలుకపూత మానెను, ఆకలి పుట్టెను, రక్తము వృద్ధిచెందెను.

అయినను విజయము సంపూర్ణము కాలేదు. ప్రమాదకరమగు మఱియొక రక్తహీనతలో ఫోలిక్ ఆమ్లము రక్తమును సరిచేసెను గాని నాడుల క్షీణతను ఆపలేకపోయెను. దానికి బి-12 విటమిన్ రావలసియుండెను. సంగ్రహణిలోను, వ్యాధి ముదిరినవారి ప్రేగు ఆ యొక్క మందుతో పూర్తిగా బాగుపడదు. ప్రేగులో పెరిగిన సూక్ష్మజీవులను గూడ అణచవలయును. ఆ పనికి వలసిన మందుల కుటుంబములో మొదటిది ఆరియోమైసిన్. సుబ్బారావుగారి పర్యవేక్షణలో, మట్టిలోని బూజులను పరీక్షించి డగ్గర్‌గారు కనుగొన్న ఆ మందు 1948లో లోకమునకు వెల్లడియయ్యెను. ఆ సంవత్సరమే ఆగస్టులో సుబ్బారావుగారు న్యూయార్కులో నిద్రలోనే గుండెపోటుతో మరణించిరి. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరములు.

ఆయన నాయకత్వమున వెలువడిన హెట్రజాన్ బోదకాలు క్రిములకును, అమినోప్టెరిన్ పసివారి రక్తపు క్యాన్సరుకును మందులైనవి. 1995లో భారత ప్రభుత్వము ఆయన పేర తపాలా బిళ్ళ వెలువరించెను. కాని ఆయన సాధనకు వేఱొక గుర్తు కలదు. నేడు సంగ్రహణి రోగికి వైద్యులు నెలల తరబడి ఇచ్చు ముఖ్యౌషధములు రెండు: ఒకటి ఫోలిక్ ఆమ్లము, రెండవది ఆరియోమైసిన్ వంశమునకు చెందిన టెట్రాసైక్లిన్. సకాలమున మొదలిడినచో పెక్కుమంది రోగులు కోలుకొందురు. సోదరులిరువురకు దక్కని ఆ రెండు మందుల మూలములు రెండును ఒక్క సోదరుని ప్రయోగశాలనుండియే వెలువడినవి.