పికాసో బొమ్మ, బావిలో నీళ్ళు

కళ కూడు పెడుతుందా అని మా ఇచ్ఛాపురం వైపు పెద్దలు అడుగుతూ ఉంటారు. అడగడంలో తప్పులేదు. బాహుదా ఒడ్డు నుంచి పలాస దాకా తుపాన్లతోను, మూత్రపిండాల జబ్బుతోను వేగుతున్న జనానికి బొమ్మలు గీసేవాడివల్ల ఒరిగేదేమిటి? నా మటుకు నాకు ఈ ప్రశ్నకు జవాబు పాబ్లో పికాసో జీవితంలో దొరికింది.

పికాసో 1881 అక్టోబరు 25న స్పెయిన్ దేశపు మలగ పట్టణంలో పుట్టాడు. తండ్రి డ్రాయింగు మాస్టారు. తొలిపాఠాలు ఆయన దగ్గరే. 1904లో పారిస్‌లో స్థిరపడ్డాడు. లేమి రోజుల్లో పేదలనూ గుడ్డివాళ్ళనూ నీలిరంగులో చిత్రించాడు. 1907 తర్వాత బ్రాక్ అనే మిత్రుడితో కలిసి క్యూబిజానికి పునాది వేశాడు. ఒకే వస్తువును ముందునుంచి, పక్కనుంచి, పైనుంచి చూసి, ఆ ముక్కలన్నీ ఒకేచోట పరచడమన్నమాట. ఇదేం బొమ్మ అని నవ్వినవాళ్ళు చాలామంది. మన సవరలు ఇంటిగోడ మీద మనిషిని గీస్తే మనం నవ్వుతామా? పికాసో పూర్తిగా నైరూప్యంలోకి వెళ్ళలేదుగాని, ఆ దారి తెరిచినవాళ్ళలో ముఖ్యుడు.

1937 ఏప్రిల్ 26న హిట్లర్, ముస్సోలినీల విమానాలు గెర్నికా అనే ఊరిని బూడిద చేశాయి. కొద్ది వారాల్లోనే పికాసో ఇరవై అయిదడుగుల పటం పూర్తిచేశాడు. అది గోడకు వేలాడి ఊరుకోలేదు. 1939 జనవరిలో లండన్ కార్మికవాడ వైట్‌చాపెల్‌లో ప్రదర్శిస్తే, స్పెయిన్‌కు పంపడానికి జోళ్ళు తెచ్చియ్యడమే ప్రవేశ రుసుము. ఆ ఏడే అమెరికా వెళ్ళి శరణార్థుల సహాయనిధికి పనిచేసింది.

ఆయన దేవుడేం కాదు. తనతో బతికిన స్త్రీలను బాధపెట్టినవాడే. ఆ సంగతి దాచి గొప్పలు చెప్పడం నాకిష్టం లేదు.

1973 ఏప్రిల్ 8న పికాసో పోయాడు. బొమ్మలు మాత్రం పని మానలేదు. 1921లో గీసిన చిన్న చిత్రం ఒకటుంది: బల్లమీద పత్రిక, గ్లాసు, అంతే. 2020 మేలో పారిస్‌లోని క్రిస్టీస్ వేలంశాలలో దానికి లాటరీ తీశారు. టిక్కెట్టు 100 యూరోలు. 50,000కు పైగా అమ్ముడై సుమారు 51 లక్షల యూరోలు వచ్చాయి. బొమ్మ ఖరీదు పోగా పెద్దమొత్తం కేర్ సంస్థ ద్వారా మడగాస్కర్, మొరాకో, కామెరూన్ పల్లెల్లో మంచినీటి పనులకు కేటాయించారు. వేలంపాటలో కొనేది ఒక్క ధనికుడు. ఇక్కడ వేలమంది తలో చెయ్యి వేశారు. నాకు నచ్చిందదే.

మంచినీళ్ళ విలువ ఉద్దానానికి ఒకరు చెప్పాలా? 2018 అక్టోబరులో తిత్లీ మన కొబ్బరినీ జీడినీ నేలమట్టం చేసింది. 2023 డిసెంబరులో హిరమండలం నీటి పథకం, పలాసలో కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అయినా మందులకూ ప్రయాణాలకూ చేయి చాచే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. మన దగ్గర పికాసో బొమ్మ లేదు, నిజమే. బొమ్మలు గీసే కుర్రాళ్ళు లేరా? ఈసారి వార్షికోత్సవంలో వాళ్ళ చిత్రాలు పెట్టి, పదేసి రూపాయల టిక్కెట్టు అమ్మితే ఎలా ఉంటుందో విద్యార్థి సంఘం పెద్దలు ఆలోచించాలి. ఒక్క కుటుంబానికి ఒక్క నెల మందులొచ్చినా, మా పెద్దల ప్రశ్నకు జవాబు చెప్పినట్టే.