ఆగిన చదువు – అంబేద్కర్ గారు

ఇంట్లో మొదటి డిగ్రీ మాదే. కుల, ఆదాయ ధ్రువపత్రాల కోసం తిరిగిన ప్రతిసారీ మాకు బాబాసాహెబ్ గుర్తొచ్చేవారు. 1913లో బరోడా మహారాజు ఆయనకు నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లకు స్కాలర్‌షిప్ ఇచ్చారు. చదువయ్యాక పదేళ్లు సంస్థానంలో పనిచేస్తానని సంతకం పెట్టి ఆయన కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. గడువు తీరడంతో 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి తిరిగొచ్చారు. బరోడాలో ఉద్యోగం ఉన్నా, కులం కారణంగా ఉండటానికి గది దొరకలేదు. బొంబాయిలో పాఠాలు చెప్పి జీతం కూడబెట్టారు. షాహూ మహారాజు సాయంతో, మిత్రుని అప్పుతో 1920లో మళ్లీ లండన్ చేరి, 1923లో డి.ఎస్సీ. సాధించారు. వైస్రాయి మండలిలో సభ్యులైనప్పుడు మన పిల్లల చదువుకు నిధులు అడిగారు. 1944లో పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. డబ్బు లేక చదువు ఆగితే ఎంత బాధో ఆయనకు తెలుసు. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! దరఖాస్తు గడువు దాటనివ్వకండి.