రెజ్యూమెలో గ్యాప్ ఉందా? దుర్గాబాయి కథ ఒకసారి చదవండి

బీటెక్ అయ్యాక రెండేళ్లు నా రెజ్యూమె ఖాళీ. ఒక ఇంటర్వ్యూలో ఆ రెండేళ్లు ఏం చేశావని అడిగితే నోట మాట రాలేదు. తిరుపతి బస్సెక్కి ఇంటికొచ్చేశా. ఆ తర్వాత గ్రూప్స్‌ కోసం పాలిటీ నోట్స్ తిరగేస్తుంటే రాజ్యాంగ సభలోని మహిళల జాబితాలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు కనిపించింది. మనలో చాలామందికి ఆమె ఒక మార్కు బిట్ మాత్రమే. కానీ ఆమె చదువుల తేదీలు వరసగా రాసుకుంటే, నా రెండేళ్ల గ్యాప్ చాలా చిన్నదిగా కనిపించింది.

బడి మానేసిన పిల్ల

దుర్గాబాయి 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు, కాకినాడలో పెరిగారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. కాస్త ఊహ తెలిశాక ఆ పెళ్లి తనకొద్దని చెప్పి బయటికొచ్చేశారు. నూరేళ్ల కిందటి మాట ఇది. ఆ రోజుల్లో ఓ ఆడపిల్ల అంత మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో ఊహించుకోండి.

ఇంగ్లీషు మీడియం వద్దంటూ చిన్నప్పుడే బడి మానేశారు. అలాగని ఖాళీగా కూర్చోలేదు. తాను హిందీ నేర్చుకుని, ఆడవాళ్లకు నేర్పడానికి కాకినాడలో బాలికా హిందీ పాఠశాల పెట్టారు. 1923లో అక్కడ కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు ఎగ్జిబిషన్ గేటు దగ్గర వాలంటీర్‌గా నిలబడ్డారు. టికెట్ లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి పోనివ్వలేదు. నిర్వాహకులు టికెట్ కొనిచ్చాకే దారి వదిలారు. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు.

జైలు నుంచి మెట్రిక్‌కి

1930లో ఉప్పు సత్యాగ్రహంలోకి దిగారు. 1930-33 మధ్య మూడుసార్లు జైలుకెళ్లారు. చిత్తూరు నుంచి బస్సెక్కితే గంటలో వచ్చేసే వెల్లూరులోనూ ఆమె జైలుశిక్ష అనుభవించారు. మదురై జైల్లో ఒంటరి గదిలో పెట్టారు. ఆరోగ్యం బాగా దెబ్బతింది.

జైల్లో ఆమె చూసిన ఆడ ఖైదీల్లో చాలామందికి చదువు రాదు. తమ మీద ఏ కేసు పెట్టారో, కోర్టులో ఏం చెప్పుకోవాలో కూడా వాళ్లకు తెలీదు. చెయ్యని నేరానికి శిక్ష పడ్డవాళ్లూ ఉన్నారు. వీళ్ల తరఫున మాట్లాడాలంటే లా చదవాలి. లా చదవాలంటే ముందు డిగ్రీ ఉండాలి. డిగ్రీకి ముందు మెట్రిక్ పాసవ్వాలి. ఆమె చేతిలో అది కూడా లేదు.

ఒకప్పుడు వద్దనుకున్న ఇంగ్లీషు పుస్తకాలే, పాతికేళ్లు దగ్గరపడ్డాక మళ్లీ ముందేసుకున్నారు. బెనారస్ హిందూ యూనివర్సిటీ మెట్రిక్ పరీక్ష ప్రైవేటుగా రాసి పాసయ్యారు. ఆ తర్వాత ఇంటర్. ఆపైన వాల్తేరులోని ఆంధ్రా యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ ఆనర్స్.

చిత్తూరు పెద్దాయన, లేని హాస్టలు

అప్పుడు ఆంధ్రా యూనివర్సిటీ వైస్ చాన్స్‌లర్ మన చిత్తూరు కట్టమంచికి చెందిన సి.ఆర్. రెడ్డి గారు. ఆడపిల్లలకు హాస్టల్ లేదు కాబట్టి సీటివ్వడానికి ఆయన వెనకాడారు. వేరేవాళ్లయితే సరే అని వెనక్కి తిరిగేవాళ్లేమో. దుర్గాబాయి మాత్రం తనలాగే చదవాలనుకునే అమ్మాయిలు ముందుకు రావాలని పేపర్లో ప్రకటన వేశారు. వచ్చినవాళ్లతో కలిసి హాస్టల్ మొదలుపెట్టారు. సీటు వచ్చింది.

ఆనర్స్ అయ్యాక లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదవడానికి టాటా స్కాలర్‌షిప్ దక్కింది. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం మొదలై ఆ ప్రయాణం ఆగిపోయింది. ఆమె ఆగలేదు. మద్రాసులో లా చేరి 1942లో పట్టా తీసుకుని హైకోర్టులో ప్రాక్టీస్ పెట్టారు. అప్పటికి వయసు 33.

ఇదంతా జరుగుతుండగానే 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలుపెట్టారు. తనలాగే మధ్యలో చదువు ఆగిపోయిన ఆడవాళ్లకు అక్కడ బెనారస్ మెట్రిక్‌కి కోచింగ్ ఇప్పించారు.

ఓడిపోయాక వచ్చిన పని

1946లో రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. సభాధ్యక్షుల ప్యానెల్‌లో ఉన్న ఏకైక మహిళ ఆమే. రాజ్యసభకు పోటీ చేయాలంటే కనీస వయసు 30 అని మనం ఆర్టికల్ 84లో బట్టీ పడతాం కదా. ముసాయిదాలో అది 35గా ఉండేది. దాన్ని 30కి తగ్గించాలని సవరణ పెట్టింది దుర్గాబాయే.

స్వతంత్రం వచ్చాక జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికల్లో మాత్రం ఓడిపోయారు. ఇంత చేసినావిడ ఇక ఇంటికే అనుకుంటాం. కానీ అదే 1952లో ప్లానింగ్ కమిషన్ సభ్యురాలయ్యారు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి చైర్‌పర్సన్ అయ్యారు. రిజర్వ్ బ్యాంక్ తొలి భారతీయ గవర్నర్‌గా చేసి, అప్పుడు ఆర్థిక మంత్రిగా ఉన్న సి.డి. దేశ్‌ముఖ్‌ను ఆ ఏడాదే పెళ్లాడారు. 1958లో బాలికల, మహిళల విద్యపై జాతీయ కమిటీకి అధ్యక్షత వహించారు. చదువు మధ్యలో ఆపేసిన ఆడవాళ్లు తక్కువ కాలంలో పరీక్షలు రాసే కండెన్స్‌డ్ కోర్సులు బోర్డు తరఫున మొదలైందీ ఆ ఏడాదే. తాను పడ్డ కష్టం ఇంకొకరు పడకుండా దాన్నే పథకంగా మార్చారన్నమాట.

1975లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 1981 మే 9న కన్నుమూశారు.

మరి మనకేంటి?

గ్యాప్ ఉండటం గొప్పేం కాదు. దుర్గాబాయి ఖాళీలు వేరు, మనవి వేరు. అయితే ఆమెకు ఏం కావాలో తెలిశాక, దానికి ముందు ఏ మెట్టు ఎక్కాలో చూసుకుని, అది ఎంత కిందున్నా అక్కడి నుంచే మొదలుపెట్టారు. పాతికేళ్ల మనిషి మెట్రిక్ రాయడం నామోషీ అనుకోలేదు.

ఈసారి ఇంటర్వ్యూలో గ్యాప్ గురించి అడిగితే సాకులు వెతకొద్దు. ఆ టైంలో నేర్చుకున్నది, చేసింది ఒక్కటైనా సరే, ఉన్నదున్నట్టు చెప్పండి. చెప్పడానికి ఏమీ లేదనిపిస్తోందా? అయితే మీ మెట్రిక్ ఏదో ఈ రాత్రికే ఒక కాగితం మీద రాసుకోండి. రేపు పొద్దున అక్కడి నుంచి మొదలుపెట్టండి.