మిక్కీ థాంప్సన్

మిక్కీ థాంప్సన్ (డిసెంబర్ 7, 1928 - మార్చి 16, 1988) అమెరికాకు చెందిన ప్రముఖ కారు పందేల చోదకుడు, వాహన నిర్మాత. కాలిఫోర్నియాలోని అల్హంబ్రాలో జన్మించాడు. 1960లో నాలుగు పోంటియాక్ ఇంజన్లు అమర్చి తాను నిర్మించిన ఛాలెంజర్-1 కారును బోనవిల్ ఉప్పు మైదానంలో గంటకు 406.6 మైళ్ళ (సుమారు 654 కి.మీ.) వేగంతో నడిపాడు. రికార్డుకు తప్పనిసరి అయిన తిరుగు పరుగు యంత్రలోపం వలన పూర్తికానందున దానికి అధికారిక గుర్తింపు దక్కలేదు.

1963లో తన పేరుతో టైర్ల సంస్థను స్థాపించాడు. మోటు దారులలో తిరిగే పికప్ ట్రక్కులకు, కంపెనీ ఇచ్చిన టైర్లు తీసివేసి యజమానులు బిగించుకునే పెద్ద టైర్లకు ఈ సంస్థ పేరుపొందింది. 1973లో ఎడారి పందేలకై స్కోర్ ఇంటర్నేషనల్ సంస్థను నెలకొల్పాడు. తరువాత క్రీడాప్రాంగణాలలో మట్టిదిబ్బలు పోయించి పికప్ ట్రక్కుల పందేలు జరిపించాడు.

1988లో బ్రాడ్‌బరీలోని తమ ఇంటి వద్ద థాంప్సన్, ఆయన భార్య ట్రూడీ హత్యకు గురయ్యారు. ఈ కేసులో ఆయన మాజీ వ్యాపార భాగస్వామికి 2007లో యావజ్జీవ కారాగార శిక్ష పడింది.