గెర్ట్రూడ్ ఎలియన్

గెర్ట్రూడ్ బెల్ ఎలియన్ (జనవరి 23, 1918 - ఫిబ్రవరి 21, 1999) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ జీవరసాయన, ఔషధ శాస్త్రవేత్త. హెర్పిస్ వైరసుల వలన కలిగే వ్యాధులకు వాడే ఎసైక్లోవిర్ అనే మందు ఈమె నడిపిన పరిశోధన విభాగంలో రూపుదిద్దుకొన్నది. రక్తపు కాన్సరుకు, గౌటు వ్యాధికి, మూత్రపిండాల మార్పిడికి ఉపయోగపడే మందుల తయారీలో కూడా ఈమె కృషి ఉన్నది. 1988 లో జార్జి హిచింగ్స్, జేమ్స్ బ్లాక్ లతో కలిసి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకొన్నది. చదివి సంపాదించిన డాక్టరేటు పట్టా లేకుండానే ఈ బహుమతి పొందిన కొద్దిమందిలో ఈమె ఒకరు.

బాల్యం, విద్య

ఎలియన్ న్యూయార్కు నగరంలో జన్మించింది. తండ్రి రాబర్ట్ ఎలియన్ లిథువేనియా నుండి వలస వచ్చిన దంతవైద్యుడు. తల్లి బెర్తా కోహెన్. 1929 లో స్టాకు మార్కెట్టు కుప్పకూలినపుడు తండ్రి ఆస్తి పోగొట్టుకొన్నాడు. ఎలియన్‌కు 15 ఏళ్ళ వయసులో, ఆమె ఎంతో ప్రేమించిన తాతగారు కాన్సరుతో మరణించాడు. ఆయన పడిన బాధను చూసిన ఎలియన్ ఆ వ్యాధికి మందు కనుగొనాలనే సంకల్పంతో రసాయనశాస్త్రాన్ని ఎంచుకొన్నది. జీతం కట్టనవసరం లేని హంటర్ మహిళా కళాశాలలో చేరి 1937 లో అత్యున్నత శ్రేణిలో పట్టభద్రురాలైంది.

ఉద్యోగ ప్రయత్నాలు

ఆ రోజులలో పరిశోధనశాలలు స్త్రీలకు ఉద్యోగాలిచ్చేవి కావు. పై చదువులకు ధనసహాయం కోరుతూ ఎలియన్ పెట్టుకొన్న దరఖాస్తులన్నీ తిరస్కరణకు గురయ్యాయి. ఆమె కొంతకాలం నర్సులకు జీవరసాయనశాస్త్రం బోధించింది. తరువాత ఒక ప్రయోగశాలలో మొదట జీతం లేకుండా చేరి, కొంతకాలానికి వారానికి 20 డాలర్ల జీతం పొందింది. పగలు ఉన్నత పాఠశాలలో పాఠాలు చెబుతూ, రాత్రివేళల్లోనూ సెలవు దినాల్లోనూ ప్రయోగాలు చేసి 1941 లో న్యూయార్కు విశ్వవిద్యాలయం నుండి ఎం.ఎస్. పట్టా పొందింది.

అదే సంవత్సరం ఆమెను వివాహమాడవలసిన యువకుడు గుండె లోపలి పొరకు బాక్టీరియా సోకి చనిపోయాడు. కొన్నేళ్ళకు పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చిన తరువాత ఈ వ్యాధికి చికిత్స సాధ్యమైంది. ఎలియన్ ఆ తరువాత వివాహం చేసుకోలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పురుషులు సైన్యంలోకి వెళ్ళడంతో ప్రయోగశాలలలో స్త్రీలకు అవకాశాలు వచ్చాయి. ఎలియన్ మొదట ఒక ఆహార పదార్థాల సంస్థలో ఊరగాయల పులుపు పరీక్షించే పనిచేసి, 1944 లో బరోస్ వెల్‌కం ఔషధ సంస్థలో హిచింగ్స్‌కు సహాయకురాలిగా చేరింది.

పరిశోధన పద్ధతి

ప్రతి జీవకణం విభజన చెందడానికి ముందు తన డి.ఎన్.ఏ. కు నకలు తయారు చేసుకోవాలి. దానికి కావలసిన ముడిపదార్థాలలో ప్యూరిన్లు ముఖ్యమైనవి. చూడడానికి వీటివలెనే ఉండి పనికిరాని నకిలీ పదార్థాలను అందిస్తే, వేగంగా పెరిగే కాన్సరు కణాలూ సూక్ష్మజీవులూ దెబ్బతింటాయని హిచింగ్స్ ఊహించాడు. ప్యూరిన్ల పని ఎలియన్‌కు అప్పగించాడు. డి.ఎన్.ఏ. నిర్మాణం తెలియడానికి అప్పటికి ఇంకా తొమ్మిదేళ్ళున్నది.

ఈ సమయంలో ఆమె సాయంత్రం తరగతులకు వెళ్ళి డాక్టరేటు కోసం చదువుతుండేది. ఉద్యోగం మాని పూర్తికాలం చదవాలని విద్యాసంస్థ కోరడంతో, ఉద్యోగాన్నే ఎంచుకొని చదువు విడిచిపెట్టింది. ఆమె తయారుచేసిన 6-మెర్కాప్టోప్యూరిన్ 1953 లో పిల్లల రక్తపు కాన్సరుకు మందుగా అనుమతి పొందింది.

తెలుగువారితో సంబంధం

హిచింగ్స్ 1933 లో హార్వర్డు విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్కే వద్ద డాక్టరేటు పొందాడు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు (1895-1948) అదే ఫిస్కేతో కలిసి పనిచేసి, కణాలకు శక్తినిచ్చే ఎ.టి.పి. ని 1929 లో ప్రకటించాడు. తరువాత లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లానికి నకిలీ రూపాలైన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ లను తయారుచేసింది. మెథోట్రెక్సేట్, 6-మెర్కాప్టోప్యూరిన్ లను కలిపి వాడడం పిల్లల రక్తపు కాన్సరు చికిత్సలో నేటికీ ముఖ్యమైన భాగం.

హెర్పిస్ వైరసులు

హెర్పిస్ సింప్లెక్స్ వైరసులు రెండు రకాలు. మొదటి రకం ఎక్కువగా పెదవుల మీద, నోటి చుట్టూ పొక్కులు కలిగిస్తుంది. రెండవ రకం ప్రధానంగా జననాంగాలకు సోకుతుంది. ప్రపంచంలో 50 ఏళ్ళలోపు వారిలో సుమారు మూడింట రెండువంతుల మందికి మొదటి రకం సోకి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చాలామందిలో లక్షణాలు కనబడవు. పొక్కులు మానినా వైరసు శరీరాన్ని విడిచిపోదు. అది నాడీకణాలలో చేరి జీవితాంతం నిద్రాణంగా ఉంటుంది. జ్వరం, ఎండ, మానసిక ఒత్తిడి వంటి కారణాలతో మళ్ళీ బయటపడుతుంది. తెలుగువారు ఆటలమ్మ అనే వ్యాధి, పెద్ద వయసులో వచ్చే సర్పి ఇదే కుటుంబానికి చెందిన మరొక వైరసు వలన కలుగుతాయి.

హెర్పిస్ సింప్లెక్స్ కంటికి సోకితే చూపు పోయే ప్రమాదమున్నది. నవజాత శిశువులకు సోకితే ప్రాణాంతకం కావచ్చు. మెదడుకు సోకితే, చికిత్స లేని రోగులలో సుమారు 70 శాతం మంది మరణిస్తారు.

ఎసైక్లోవిర్

వైరసు మనిషి కణంలోనే పెరుగుతుంది కాబట్టి వైరసును చంపే మందు కణాన్ని కూడా చంపుతుందని చాలామంది శాస్త్రజ్ఞులు భావించేవారు. 1948 లో ఎలియన్ తయారుచేసిన డైఅమినోప్యూరిన్, మశూచి టీకాలో వాడే వైరసుపై పనిచేసింది కాని, దాని విషప్రభావం ఎక్కువ కావడంతో ఆ ప్రయత్నం ఆగిపోయింది. ఇరవై ఏళ్ళ తరువాత, 1968 లో ఆమె మళ్ళీ వైరసుల వైపు దృష్టి సారించింది. హోవర్డ్ షాఫర్ తదితర సహచరుల కృషితో ఎసైక్లోవిర్ రూపొందింది. అది పనిచేసే విధానాన్ని ఎలియన్ బృందం 1977 లో ప్రకటించింది.

ఈ మందు శరీరంలో ప్రవేశించినపుడు దాదాపు నిర్వీర్యంగా ఉంటుంది. హెర్పిస్ వైరసుకు చెందిన థైమిడిన్ కైనేజ్ అనే ఎంజైము దానికి మొదటి ఫాస్ఫేటును చేర్చుతుంది. తరువాత కణంలోని ఎంజైములు మరి రెండు ఫాస్ఫేట్లను చేర్చుతాయి. అపుడది వైరసు డి.ఎన్.ఏ. గొలుసులో నకిలీ లంకెగా చేరి, గొలుసు పెరగకుండా ఆపుతుంది. వైరసు లేని కణంలో మొదటి మెట్టు దాదాపు జరగదు కాబట్టి ఆరోగ్యకరమైన కణాలకు హాని తక్కువ. అమెరికాలో ఈ మందుకు 1982 లో అనుమతి లభించింది. మెదడువాపు రోగులలో మరణాలు దీనివలన గణనీయంగా తగ్గాయి. అయితే నాడీకణాలలో నిద్రాణంగా ఉన్న వైరసును ఈ మందు తొలగించలేదు. హెర్పిస్ సింప్లెక్స్‌కు టీకా కూడా ఇంతవరకు రాలేదు.

ప్రభావం

ఎలియన్ 1983 లో పదవీ విరమణ చేసి సలహాదారుగా కొనసాగింది. ఆమె వద్ద శిక్షణ పొందినవారు అదే సంస్థలో చేసిన కృషితో ఎయిడ్స్‌కు తొలి మందు ఏ.జెడ్.టి. 1987 లో అనుమతి పొందింది. నేడు హెచ్.ఐ.వి. చికిత్సలో వాడే లామివుడిన్, టెనోఫోవిర్ కూడా నకిలీ లంకె సూత్రంపైనే పనిచేస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లోని అనకాపల్లి జిల్లా పరవాడ, అచ్యుతాపురం ప్రాంతాల ఔషధ కర్మాగారాలలో హెచ్.ఐ.వి. మందులకు కావలసిన బల్క్ డ్రగ్స్ తయారవుతున్నాయి.

పురస్కారాలు, మరణం

నోబెల్ బహుమతి తరువాత 1991 లో ఎలియన్‌కు అమెరికా జాతీయ విజ్ఞాన పతకం లభించింది. అదే సంవత్సరం ఆ దేశపు జాతీయ ఆవిష్కర్తల గౌరవశ్రేణిలో చేరిన తొలి మహిళ అయింది. పలు విశ్వవిద్యాలయాలు గౌరవ డాక్టరేటులిచ్చాయి. ఆమె 1999 ఫిబ్రవరి 21 న ఉత్తర కరోలినాలోని చాపెల్ హిల్ పట్టణంలో, 81 ఏళ్ళ వయసులో మరణించింది.